అబ్బాయి సైన్యంలో చేరతానంటున్నాడు, వాళ్ల నాన్న జనాజాకు రావద్దంటున్నారు

రాయలసీమ నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన ఒక తల్లి చాలా పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఉండే ఊరు వేయవద్దన్నారు. ఆవిడ చెప్పిన సంగతులను కుదించి ఇస్తున్నాను.

ఆవిడ భర్త 1999లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికా వెళ్లారు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. గుమ్మం దాటితే మాత్రం తన మతం గురించి ఒక్క మాట మాట్లాడరు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత గడ్డం తీసేశారు, మళ్లీ పెంచలేదు. అప్పట్లో ఆయనతో ఒకే గదిలో ఉండిన లాహోరు కుర్రవాడు ప్రభుత్వం పిలిచిందని పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్లాడు. కొన్ని నెలలకు అతన్ని దేశం నుంచి పంపించివేశారు. ఆ తరువాత వీరి పెళ్లి, ఇద్దరు పిల్లలు. ఇద్దరూ అక్కడే పుట్టారు. ఆవిడ 2016లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. భర్త తీసుకోలేదు. "నా మట్టి అక్కడుంది" అంటూ భారత పాస్‌పోర్టునే రెన్యూ చేయించుకుంటున్నారు.

కూతురికి ఇరవై ఒకటి. విశ్వవిద్యాలయంలో చేరాక హిజాబ్ మొదలుపెట్టింది. గాజా యుద్ధం మీద జరిగే నిరసనల్లో ముందు వరసలో ఉంటోంది. తండ్రికి అది నచ్చదు. "అందరి కళ్లలో పడితే ఏమొస్తుంది" అంటారు. కొడుకుకు పందొమ్మిది. శుక్రవారం నమాజుకు కూడా బతిమాలితేనే వెళతాడు. కాలేజీ మధ్యలో మానేశాడు. రెండు నెలల క్రితం సైన్యంలో చేరడానికి సంతకం చేసి వచ్చి, ఆ తరువాత ఇంట్లో చెప్పాడు. శిక్షణకు బయలుదేరడానికి ఇంకా నాలుగు నెలలుంది.

అప్పటి నుంచి ఇంట్లో అన్నం సరిగా సాగడం లేదు. "ఆ బట్టలతో నా గడప తొక్కవద్దు, రేపు నా జనాజాకు భుజం పట్టవద్దు" అన్నారు తండ్రి, అంటే తన అంతిమయాత్రకు కూడా రావద్దని. "మన పిల్లల మీద బాంబులు పంపేవాళ్ల దగ్గర జీతగాడివి" అంది అక్క. "చిన్నప్పుడు నాకు బ్రిగేడియర్ ఉస్మాన్ కథ చెప్పింది నువ్వే కదా అబ్బా" అన్నాడు కొడుకు. దానికి తండ్రి జవాబు చెప్పలేదు. భార్య వైపు తిరిగి, "ఆయుధం పడతానని ఈ దేశానికి ప్రమాణం చేసింది నువ్వు. వాడు నీ మాట నిలబెడుతున్నాడు" అన్నారు.

ఆవిడ అడిగినవి: కొడుకును ఆపాలా? ఇస్లాంలో ఇది తప్పా? ముగ్గురిలో ఎవరి వైపు నిలబడాలి? ఆ రోజు ప్రమాణం చేసి తానే పొరపాటు చేశారా?

అమ్మా,

చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతావి మీ పిల్లల గురించి, భర్త గురించి. అదొక్కటే మీ గురించి అడిగారు, అది కూడా కాగితం అడుగున, చిన్న అక్షరాలతో.

పౌరసత్వ ప్రమాణంలో ఆ వాక్యం ఉన్న మాట నిజమే. చట్టం కోరినప్పుడు అమెరికా పక్షాన ఆయుధం పడతానని ఉంటుంది. దాని వెంటనే, సైన్యంలో ఆయుధం పట్టనవసరం లేని సేవ చేస్తానని, పౌర అధికారుల కింద దేశానికి అవసరమైన పని చేస్తానని కూడా ఉంటుంది. మతవిశ్వాసం వల్ల గానీ అంతరాత్మ ఒప్పుకోక గానీ ఆయుధం పట్టలేనివారు ఆ భాగం లేకుండా ప్రమాణం చేస్తామని కోరవచ్చు. అమెరికాలో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకోవడం 1973లోనే ఆగిపోయింది. ఆ వాక్యం దగ్గర మీ గొంతు తగ్గిందని రాశారు. తగ్గినా మీరు దొంగ ప్రమాణం చేయలేదు. మీ కొడుకును ఎవరికీ రాసి ఇవ్వలేదు. మీ భర్త ఆ మాటను రాయిగా వాడారు. తాను జవాబు చెప్పలేని ప్రశ్న కొడుకు అడిగాడు, చేతికి దగ్గరగా మీరున్నారు.

ఇక ఆ ప్రశ్న సంగతి. మీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే. బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్‌ను దేశ విభజన వేళ పాకిస్తాన్ సైన్యం రమ్మంది. ఆయన వెళ్లలేదు. జమ్ము ప్రాంతంలోని నౌషేరాను కాపాడి, 1948 జూలై 3న కశ్మీరు యుద్ధంలో చనిపోయారు. అవతలి వైపు పోరాడినవారిలో అత్యధికులు ముస్లింలే. మీ భర్త ఈ కథను గర్వంగా చెబుతారు. చెప్పాలి కూడా. అయితే ముస్లిం అయినవాడు తాను పుట్టిన దేశపు సైన్యంలో చేరి, ఎదురుగా ముస్లింలున్నా పోరాడవచ్చునని ఆయన ఎప్పుడో ఒప్పుకున్నట్టే. ఇప్పుడాయనకు అడ్డం వస్తున్నది వేరే. ఉస్మాన్ తన నేల కోసం పోయాడని ఆయనకు తెలుసు. తన కొడుకుకు ఆ నేల అమెరికా అని మాత్రం ఆయన ఇంతవరకు ఒప్పుకోలేదు. అబ్బాయి ఇక్కడ చదువుకున్నాడు, సంపాదించుకుంటాడు, ఎప్పుడో ఒకనాడు అందరం వెళ్లిపోతాం అన్న లెక్క పాతికేళ్లుగా ఆయన లోపల నడుస్తూనే ఉంది. సంతకం ఆ లెక్కను చెరిపేసింది.

మతపరంగా ఆయన చెప్పేదంతా సాకు అని నేననడం లేదు. నేను మతపండితురాలిని కాను, తీర్పు ఇవ్వను. కానీ పండితుల మధ్య ఈ విషయంలో ఒకే మాట లేదన్నది మీకు తెలియాలి. 1993లో అమెరికా సైన్యం మొదటిసారి ఒక ముస్లిం మతగురువును, అబ్దుల్ రషీద్ మహమ్మద్‌ను, నియమించుకుంది. 2001 దాడుల తరువాత అఫ్ఘానిస్తాన్ యుద్ధం ముందుకు వచ్చినప్పుడు ఆయనే ఈ ప్రశ్నను అరబ్బు దేశాల పండితుల ముందు పెట్టారు. యూసుఫ్ అల్ ఖరదావీతో సహా కొందరు, అమెరికా ముస్లిం సైనికులు తమ విధిలో ఉండవచ్చునని ఆ సెప్టెంబరులోనే ఫత్వా ఇచ్చారు. వీలైతే పోరు కాని సేవ అడగమని కూడా అన్నారు. దాన్ని గట్టిగా తప్పుపట్టిన పండితులూ ఉన్నారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా "ఇస్లాం ఇలా చెబుతోంది, ఇక మాట లేదు" అంటే, మాట ఉంది.

ఆపడానికి మీ భర్త వినిపించిన హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునేది, బలమైనదే. యుద్ధానికి వస్తానన్న ఒక మనిషిని ప్రవక్త "నీ తల్లిదండ్రులు బతికి ఉన్నారా?" అని అడిగి, ఉన్నారనగానే వారి సేవలోనే శ్రమించమన్నారు. బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. అయితే ఆయన గమనించని సంగతి ఒకటుంది. అడిగింది తల్లిదండ్రులిద్దరి గురించి. మీ ఇంట్లో తండ్రి మాట అందరూ విన్నారు. తల్లిగా మీకు ఏమనిపిస్తోందని ముగ్గురిలో ఒక్కరైనా అడిగారా? ఉత్తరంలో మీరు కూడా రాయలేదు. ఎవరి వైపు నిలబడాలి అని అడిగారే కాని, మీకంటూ ఒక అభిప్రాయం ఉన్నట్టు ఎక్కడా కనిపించలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆయన భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కాలేజీ రోజుల్లో భారత్, పాకిస్తాన్ క్రికెట్ మ్యాచ్ జరిగిన మర్నాడల్లా ఆయనను స్నేహితులు ఒకటే అడిగేవారని రాశారు, నవ్వుతూనే: "నిన్న ఎవరి వైపున్నావు?" ఆ నవ్వు వెనక ఏముందో అడిగించుకున్నవాడికే తెలుస్తుంది. అమెరికా వెళ్లినా అది ఆయనను వదలలేదు. గదిలోని కుర్రవాడు వెళ్లిన ఆ నమోదు కార్యక్రమం 2002లో మొదలైంది. జాబితాలో 25 దేశాలు, ఉత్తర కొరియా తప్ప దాదాపు అన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్నవే. 80 వేల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు, వారిలో 13 వేల మందికి పైగా మీద దేశం నుంచి పంపే చర్యలు మొదలయ్యాయి. జాబితాలో భారతదేశం లేదు కాబట్టి మీ భర్త మిగిలారు. తన భారత పాస్‌పోర్టే తనను కాపాడిందని ఆయనకు నాటుకుపోయిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు చూడండి. మీ ఇంట్లో ముగ్గురు అమెరికా పౌరులు. దేశం నుంచి పంపించే వీలున్నది ఆయనొక్కరినే. 2025 మార్చిలో కొలంబియా విశ్వవిద్యాలయం నిరసనల్లో ముందున్న మహమూద్ ఖలీల్‌ను గ్రీన్ కార్డు ఉండగానే పట్టుకెళ్లి మూడు నెలలకు పైగా నిర్బంధించారు. ఆ వార్త మీ ఇంట్లో ఎవరి గుండె మీద పడి ఉంటుందో మీ అమ్మాయి ఒకసారి ఆలోచించాలి. కూతురు చట్టబద్ధంగా చేసిన నిరసనకు తండ్రి గ్రీన్ కార్డు పోదు. కానీ రాత్రి రెండింటికి నిద్రపట్టనివాడికి చట్టం గుర్తు రాదు. అమ్మాయిని హిజాబ్ తీయమని, నిరసన మానమని చెప్పమనడం లేదు. తండ్రి పిరికివాడని అనుకుంటున్న పిల్లకు, ఆయన ఎందుకలా ఉన్నారో ఆ లాహోరు కుర్రవాడి కథతో సహా మీరు చెప్పండి. పిల్లలకు ఆ సంగతి తెలియదని మీరే రాశారు. ఇరవై ఏళ్లు దాచారు, చాలు.

అమ్మాయి గదిలో మహమ్మద్ అలీ బొమ్మ ఉందన్నారు. మంచి ఎంపిక. 1967లో సైన్యంలోకి రానని అన్నందుకు ఆయన బిరుదు పోయింది, మూడేళ్లకు పైగా బరిలో దిగనివ్వలేదు, ఐదేళ్ల జైలు శిక్ష పడింది. 1971లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసేదాకా ఆయన దేశం విడిచి పారిపోలేదు. అక్కడే ఉండి, అక్కడి కోర్టులోనే తేల్చుకున్నారు. మీ అమ్మాయి చేస్తున్నదీ ఆ కోవలోదే. ఈ దేశం నాది కాబట్టి దీన్ని ప్రశ్నిస్తానంటోంది. తమ్ముడు, ఈ దేశం నాది కాబట్టి దీనికి కాపలా ఉంటానంటున్నాడు. ఇద్దరూ పరమ అమెరికన్లు. ఒకరినొకరు ద్రోహులనుకుంటున్నారు. పాపం, వాళ్ల నాన్నకు ఇద్దరూ పరాయివాళ్లలా కనిపిస్తున్నారు.

ఇక అబ్బాయి. ఆపాలా అని అడిగారు. పద్దెనిమిది దాటినవాడికి మీ అనుమతి అక్కరలేదు. కానీ దారి మూసుకుపోలేదు. అతను సంతకం చేసింది, తరువాత చేరడానికి పేరు రాయించుకునే ఏర్పాటు కింద. శిక్షణకు బయలుదేరే రోజున ఇంకోసారి ప్రమాణం చేయాలి. ఆ లోపు ఎప్పుడైనా, రానని లేఖ రాసి తప్పుకోవచ్చు. కేసు ఉండదు, శిక్ష ఉండదు. రిక్రూటర్ ఫోన్లు చేస్తాడు, బెదిరించినట్టు మాట్లాడినా మాట్లాడవచ్చు. అంతే. రెండో ప్రమాణం తరువాత పరిస్థితి వేరు. క్రియాశీల సేవ, రిజర్వు కలిపి మొత్తం ఎనిమిదేళ్ల బాధ్యత.

అతను బాగా ఆలోచించాల్సిన నియమం ఒకటుంది. అక్క అడిగే ప్రశ్నకు అసలు జవాబు అక్కడే ఉంది. సైన్యంలో చేరాక "ఈ యుద్ధానికి మాత్రం వెళ్లను" అనే హక్కు ఉండదు. అంతరాత్మ పేరుతో మినహాయింపు కోరాలంటే ఏ యుద్ధమైనా తప్పని నమ్మాలి. ఒక యుద్ధం న్యాయం, ఇంకొకటి అన్యాయం అంటే చెల్లదని సుప్రీంకోర్టు 1971లోనే తేల్చింది. వైద్య సహాయకుడిగానో ఇంజనీరింగు విభాగంలోనో చేరితే చేతికి రక్తం అంటదని మీరు ఆశపడ్డారు. ఏ పనిలో చేరతాడో ఒప్పందంలో రాయించుకోవచ్చు, రాయించుకోమనండి. దాంతో అక్క ఒప్పుకుంటుందని, తండ్రి శాంతిస్తారని మాత్రం అనుకోవద్దు. పంపిన చోటికి వెళ్లాల్సిందే. ఏ చోటికో మీ అబ్బాయికి ఇవాళ తెలియదు, పంపేవారికీ తెలియదు.

అతని కారణం నాకు ఇంకా ఎక్కువ దిగులు కలిగించింది. "బడిలో నన్ను టెర్రరిస్టు అన్నవాళ్లు ఇక నోరు మూసుకుంటారు" అన్నాడట. మూసుకోరు. కెప్టెన్ హుమాయూన్ ఖాన్ కథ అతనికి తెలిసే ఉంటుంది. తల్లిదండ్రులు పాకిస్తాన్ నుంచి వచ్చినవారు. 2004 జూన్‌లో ఇరాక్‌లో, బాంబులు నింపుకుని వస్తున్న కారుకు ఎదురువెళ్లి, తన సైనికులను వెనక్కి ఉండమని చెప్పి, ఆయన చనిపోయారు. ఇరవై ఏడేళ్లు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం చేశారు. 2016లో తండ్రి ఖిజర్ ఖాన్ ఒక పార్టీ మహాసభలో మాట్లాడితే, ఆ తల్లి వేదిక మీద మౌనంగా నిలబడిందని కూడా విమర్శించారు. ప్రాణమిచ్చిన ఇంటికే ఆ మినహాయింపు దక్కలేదు. దేశం మీద ఇష్టంతో, క్రమశిక్షణ కావాలని, చదువుకు డబ్బు కోసం, సాహసం కోసం వెళ్లేవాడికి సైన్యం ఏదో ఒకటి ఇస్తుంది. తండ్రి కాలేజీలో రాసి, తాను బడిలో రాసిన ఆ విధేయతా పరీక్షలో పాసైనట్టు సర్టిఫికెట్ కోసం వెళితే, అది ఇచ్చే కార్యాలయం ఎక్కడా లేదు. ఇది మీరు చెబితే వినడు. తండ్రి తన క్రికెట్ సంగతి చెబితే బహుశా వింటాడు.

రిక్రూటర్ చెప్పి ఉండని సంగతి ఇంకొకటి. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికి, పనిచేసి విరమించినవారికి భారత ప్రభుత్వం ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారు వీసా లేకుండా వచ్చిపోవడానికి ఇచ్చేది) మంజూరు చేయదు. ఉత్తరంలో మీ అత్తగారి ఆరోగ్యం గురించి రాశారు, అందుకే చెబుతున్నాను. చేరితే, నానమ్మను చూడటానికి అతను మామూలు వీసా తీసుకుని రావలసి ఉంటుంది. సైనికుడు కాబట్టి పై అధికారుల అనుమతీ కావాలి. ఇప్పటికే కార్డు ఉంటే, చేరాక దాని పరిస్థితి ఏమిటో ముందే భారత కాన్సులేట్‌కు రాసి అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి.

మీ ముందున్న దారులు ఇవీ. మొదటిది, ఏడ్చి, ఒట్టు వేయించి ఆపడం. పనిచేయవచ్చు. కాలేజీ మానేసి ఇంట్లో కూర్చున్న కుర్రవాడు, తన ఒకే ఒక నిర్ణయాన్ని అమ్మ కన్నీళ్లకు వదులుకుని అదే ఇంట్లో మిగులుతాడు. ఆ కోపం మీ భర్త మీదికి వెళ్లదు, మీ మీదికి వస్తుంది. రెండోది, ఒక ఏడాది వాయిదా అడగడం. తిరిగి చదువులో చేరితే విద్యార్థిగా ఉంటూనే సైనికాధికారి శిక్షణ తీసుకునే మార్గం ఉంది. అప్పటికీ ఇదే కోరిక ఉంటే అధికారిగా వెళతాడు, లేకపోతే చదువు మిగులుతుంది. నాకు ఇది నచ్చింది. కానీ అతనికి నచ్చాలి. చదువు పేరుతో నన్ను ఆపేస్తున్నారనుకుంటే ఆరు నెలలకే మళ్లీ సంతకం చేసి వస్తాడు, ఈసారి చెప్పకుండా. మూడోది, నాకు ఇష్టం లేదు అని స్పష్టంగా చెప్పి, అయినా నువ్వు నా కొడుకువే అని అంతే స్పష్టంగా చెప్పి పంపడం. దీని ధర మీ దాంపత్యంలో కొంతకాలం మాటలు లేకపోవడం. నాలుగోది, ఏమీ అనకుండా నాలుగు నెలలు గడిపేయడం. ఇప్పుడు మీరు ఉన్న దారి అదే. దాని ఫలితం ఏమిటంటే, అతను ఎవరితోనూ సరిగా మాట్లాడకుండానే వెళ్లిపోతాడు.

ఏ దారి ఎంచుకున్నా, ముందు ఒకటి మానండి. ఒకరి మాట ఇంకొకరికి మోయడం. "అబ్బా ఇలా అన్నారు", "అక్క ఇలా అనుకుంటోంది" అని మూడు గదుల మధ్య తిరుగుతున్నారు మీరు. మోసే దారిలో ప్రతి మాటా కొంచెం మెత్తబడుతుందని మీరనుకుంటున్నారు. వాళ్లు ఒకరినొకరు నేరుగా అడగవలసిన అవసరం లేకుండా పోతోంది, జరుగుతున్నది అంతే.

భర్తతో మాట్లాడేటప్పుడు రెండు విషయాలను విడదీయండి. కొడుకు వెళ్లడం ఇష్టం లేకపోవడం ఆయన హక్కు. చివరిదాకా ఒప్పుకోకపోవచ్చు. జనాజా మాట వేరు. దాన్ని వెనక్కి తీసుకోమని అడగండి, అనుమతితో ముడిపెట్టకుండా. వాళ్ల ఇమాంగారంటే ఆయనకు గురి అని రాశారు కదా, ఈ ఒక్క మాట కోసం ఆయన సాయం తీసుకోవచ్చు. సైన్యం తప్పా ఒప్పా అని తీర్పు చెప్పమని మాత్రం తీసుకెళ్లవద్దు. ఏ తీర్పు వచ్చినా ఒకరు ఓడిపోయి ఇంటికి వస్తారు.

ఆయన పౌరసత్వం గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. భారతదేశం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అమెరికాది తీసుకుంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. ఓసీఐ వస్తుంది. వోటు ఉండదు, వ్యవసాయ భూమి కొనలేరు, వారసత్వంగా వచ్చే పొలానికి అడ్డు లేదు. ఆయుధం పట్టే వాక్యం లేకుండానే ప్రమాణం చేయడానికి ఆయన దరఖాస్తు పెట్టుకోవచ్చు. తీసుకోమని ఒత్తిడి చేయకండి. ఒక మంచి ఇమిగ్రేషన్ న్యాయవాది దగ్గర గంటసేపు కూర్చుని, తన గ్రీన్ కార్డుకు దేనివల్ల ప్రమాదం ఉందో, దేనివల్ల లేదో తెలుసుకోమనండి. సగం భయం అక్కడ తగ్గితే, అమ్మాయి మీద విసుగు కూడా తగ్గుతుంది.

ఒకవేళ అబ్బాయి వెళ్లడమే ఖాయమైతే, బయలుదేరే రోజు ప్రమాణానికి కుటుంబాన్ని రానిస్తారు. మీకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, దానికి ఎవరి అనుమతి కోసమూ ఆగవద్దు. మీ భర్తను రమ్మని ఒకసారి అడగండి. రెండోసారి అడగవద్దు.